చుయిబోక్ వంతెన అవతలే ఉండిపోయాడు

చనిపోయినవాళ్ళకు దారి తెలియదని మావాళ్ళ నమ్మకం. బతికినన్నాళ్ళూ రోజూ తిరిగిన దారైనా సరే, పోయాక తెలియదట. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికైనా, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికైనా వాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు పక్కనున్న మనిషి దారి చెబుతూ ఉండాలి. మలుపు వస్తే మలుపని, సొరంగం వస్తే సొరంగమని. అన్నిటికన్నా ముఖ్యం వంతెన. నీళ్ళంటే వాళ్ళకు భయం. ‘వంతెన దాటుతున్నాం, వెంట రా’ అని గట్టిగా పిలవకపోతే ఇవతలి గట్టునే నిలబడిపోతారు. ఇది నిజమేనా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. మా కీలుంగ్‌లో గుండె కోసి కుట్టే డాక్టర్లు కూడా, అంబులెన్సులో ఉన్నది తమ తండ్రి శవమైతే, వంతెన దగ్గర అద్దం దించి అరుస్తారు.

పోచూ స్కూటర్ మీద బయల్దేరడానికి కారణం ఇదొక్కటే. అరవై దాటిన ఆడమనిషి, కాళ్ళ దగ్గర పిడికెడు కుక్క, వెనక సీటు మీద మొగుడి పేరుపలక, పోయినవాళ్ళ పేరు చెక్కి, వాళ్ళు అందులోనే ఉన్నారని ఇంట్లో పెట్టి కొలిచేది. కీలుంగ్ రేవు నుంచి చెంగ్‌కుంగ్ దాకా, తూర్పు తీరం పొడుగునా ప్రయాణం. తర్వాత మా సందులో దీన్ని పతిభక్తి అన్నవాళ్ళున్నారు, ఈ వయసులో ఏం ధైర్యం అని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళున్నారు. భక్తీ కాదు, ధైర్యమూ కాదు. ఆవిడ కూర్చుని ఆలోచించింది, అంతే. రైలెక్కితే ఒక వంతెన దగ్గర నోరు తెరిచేసరికి ఇంకో వంతెనా ఒక సొరంగమూ దాటిపోతాయి. తమ్ముడి ట్రక్కులో కూర్చుంటే వాడు పాటలు పెడతాడు, ఆపమంటే ఆపడు. కుక్కను బుట్టలో పెట్టి మూత వేస్తే ఊరు లేచిపోయేలా ఏడుస్తుంది. స్కూటర్ అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. ఎలాగూ స్కూటర్ కూడా అక్కడికి చేరాలి కదా.

చెంగ్‌కుంగ్ ఆవిడ పుట్టిన ఊరు. ఎండు చేపల వాసనలో పెరిగి, పెళ్ళయి కీలుంగ్ వచ్చింది. మా ఊళ్ళో ఆరేసిన బట్ట ఆరిందంటే నలుగురికీ చెప్పుకుంటాం, అంత వాన. ఆ వానలోనే చేపల బజారు మూల మీద తోపుడు బండి పెట్టి బియ్యపు సేమ్యా పులుసు అమ్మింది. మొగుడు చుయిబోక్ రేవులో మంచు మిల్లు మనిషి. దుంగల్లాంటి మంచుగడ్డల్ని మరలో వేసి పిండి చేసి, పెద్ద గొట్టంలోంచి పడవల పొట్టల్లోకి వదలడం ఆయన పని. ఆ హోరుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. హారన్ వినపడని మనిషి బండి నడపకూడదని పోచూ ఆయన్ని స్కూటర్ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడే నడిపేది. ఆయన వెనక కూర్చునేవాడు. ఏదైనా చెప్పాలంటే ఆవిడ తల కుడివైపుకి తిప్పి అరిచేది. వాళ్ళ కాపురంలో రహస్యాలు ఉండే వీల్లేదు. ‘రాత్రికి ముల్లంగి వండనా, వద్దా?’ అని ఆవిడ అడిగితే కొండ మీది ఇళ్ళవాళ్ళు కూడా వాళ్ళింటి కూర గురించి తమ అభిప్రాయం చెప్పగలిగేవాళ్ళు.

కుక్క బండి కింద దొరికింది. తెల్లగా, సన్నగా, చిక్కుపడిపోయిన బొచ్చుతో గిన్నెలో వేసిన సేమ్యాలా ఉందని, ఆ సేమ్యా పేరే పెట్టారు, బీహున్ అని. కొన్నాళ్ళకు అది చుయిబోక్‌కు చెవి అయింది. ఎవరైనా తలుపు కొడితే వెళ్ళి ఆయన పంట్లాం అంచు పట్టుకుని లాగేది. కెటిల్ కూత పెడితే లాగేది. పోచూ కోప్పడుతున్నప్పుడు కూడా లాగేది. అదొక్కటే ఆయనకు నచ్చేది కాదు.

ఎందుకంటే చెవుడు చుయిబోక్‌కు ఇబ్బందే కాదు, సౌకర్యం కూడా. నాలుగైదేళ్ళకొకసారి పోచూ మెల్లగా మొదలుపెట్టేది. ‘మా ఊరు వెళ్ళిపోదామా? అక్కడా సముద్రమే కదా, పైగా ఎండ కాస్తుంది’ అని. చుయిబోక్ తొందరేమీ లేకుండా తల తిప్పి ఎడమ చెవి ఆమెకు అప్పగించేవాడు. అవుననలేదు, కాదనలేదు. ముల్లంగి దగ్గర నుంచి మంచు మిల్లు యూనియన్ దాకా అన్నిటికీ జవాబు చెప్పిన మనిషి, కాపురమంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చివరికి ఒక మధ్యాహ్నం మిల్లు మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఒరిగిపోయాడు. ప్రశ్న పోచూ దగ్గరే మిగిలింది.

పిల్లల్లేరు. రెండేళ్ళు ఆవిడా కుక్కా, గోడకు కొట్టిన అరమీద పేరుపలకగా చుయిబోక్, ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ తర్వాతి వానలకు ఇంటి వెనక కొండ జారింది. వంటింట్లోకి మట్టి వచ్చింది. ఆ వరస ఇళ్ళన్నీ కూల్చేయాలన్నారు. చెంగ్‌కుంగ్ నుంచి తమ్ముడు ఆలియోంగ్ ఫోన్ చేసి, ‘అక్కా, పై గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్’ అన్నాడు. వెళ్ళాల్సిందే. మరి చుయిబోక్?

అడగాలి. అడగడానికి మావాళ్ళ దగ్గర జోడుచెక్కలున్నాయి. వెదురు వేరుతో చేసిన రెండు చంద్రవంకలు, ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. అడగాల్సింది అడిగి నేల మీద వేస్తే, ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే అవునని. రెండూ బోర్లా పడితే కాదని. రెండూ వెల్లకిలా పడితే పైనున్నవాళ్ళు నవ్వుతున్నారని. నవ్వుకు అర్థం ఏమిటో ఎవరికీ తెలియదు, మళ్ళీ వెయ్యాలి.

పక్కింటి ఆహుయి, ఇలాంటివాటిలో మా సందుకంతా పెద్ద దిక్కు, దగ్గరుండి వేయించింది. మొదటిసారి నవ్వు. రెండోసారీ నవ్వే.

“ఏం నవ్వు మనిషివయ్యా నువ్వు, తిన్నగా చెప్పు!” అని ఆహుయి పేరుపలకను గదమాయించి, పొగకు మండిన కళ్ళు తుడుచుకోడానికి కళ్ళజోడు తీసింది.

మూడోసారి ఒక చెక్క వెల్లకిలా పడింది. రెండోది దొర్లుకుంటూ వెళ్ళింది. అదీ వెల్లకిలాయే పడబోతోంది. పడుకుని ఉన్న బీహున్ ముందుకాలికి తగిలి, తిరగబడి, బోర్లా ఆగింది.

ఆహుయి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. “ఒప్పుకున్నాడు వదినా! చూశావా, మెత్తబడ్డాడు. ఇక మూట కట్టు.”

పోచూ ఒకసారి కుక్క వైపు చూసి, చెక్కలు తీసి చొక్కా అంచుతో తుడిచింది.

సామాను ఆలియోంగ్ ట్రక్కులో వెళ్ళిపోయింది. బయల్దేరే రోజు పొద్దున సందంతా వాన తుంపరలో నిలబడింది. అగరుబత్తుల గిన్నెలోంచి చిటికెడు బూడిద ఎర్రగుడ్డలో కట్టి, పేరుపలకతో పాటు మూత ఉన్న వెదురు బుట్టలో పెట్టి, బుట్టను చుయిబోక్ కూర్చునే వెనక సీటుకే తాళ్ళతో బిగించారు. ఆహుయి నల్ల గొడుగు తెచ్చింది.

“దారి పొడుగునా ఇది ఆయన మీద పట్టి ఉండాలి వదినా. ఎండ తగలకూడదు.”

“స్కూటర్ మీద గొడుగు విప్పితే చెంగ్‌కుంగ్ ఎక్కడ, ఇద్దరం గాలికి లేచి జపాన్‌లో పడతాం.”

“పద్ధతి పద్ధతే కదా.”

“ఆయన వానకోటు ఉంది, అది కప్పుతాను. బతికున్నప్పుడూ గొడుగు పట్టలేదు ఆయన, చేతులు ఖాళీగా ఉండాలనేవాడు.”

మంచు మిల్లు వాళ్ళిచ్చిన పసుప్పచ్చ వానకోటు బుట్టకు తొడిగారు. ముడులు బిగించాక వెనక నుంచి చూస్తే మనిషి వంగి కూర్చున్నట్టే ఉంది. ఎవరో ముక్కు చీదారు. పోచూకు అదంటే చిరాకు. స్కూటర్ స్టార్ట్ చేసి, తల కుడివైపుకి తిప్పి, “పోతున్నాం ముసలాయనా! గట్టిగా పట్టుకో!” అని అరిచింది. బీహున్ తన చోటులో, పోచూ కాళ్ళ మధ్య, ముందరి చక్రం వైపు మూతి పెట్టి నిలబడింది.

“చచ్చాక కూడా చెవుడు ఉంటుందా?” అని ఆహుయి మొగుడు అడిగాడు.

“ఎందుకైనా మంచిది!” అంటూనే ఆవిడ మలుపు తిరిగిపోయింది.

సముద్రం పక్కనే ఉండే దారి అది. వాగు కనబడితే వేగం తగ్గించడం, మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి అరవడం. “వంతెన దాటుతున్నాం! వెంట రా!” సైకిళ్ళ మీద వెళ్ళే కుర్రాళ్ళు తమనే పిలుస్తోందనుకుని వెనక్కి చూసేవాళ్ళు. సొరంగాల్లో ఆవిడ గొంతు ఆవిడకే తిరిగి వినిపించేది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. దుకాణంలో టీ నీళ్ళలో ఉడికించిన గుడ్డు కొని, పచ్చసొన కుక్కకు పెట్టి, తెల్లది తను తింది.

సాయంత్రం సువావ్‌లో సత్రం లాంటి చిన్న హోటల్ ముందు ఆగింది. హోటల్ ఆవిడ కుక్కను చూసి నవ్వింది.

“కుక్కయితే ఫర్వాలేదు పిన్నీ, తువ్వాలు ఇస్తాను. ఆ బుట్టలో ఏమిటి?”

“మా ఆయన.”

నవ్వు ఆగిపోయింది. “అయ్యో, ఆయన్ని లోపలికి తేవద్దు. మా అత్తగారికి ఒంట్లో బాలేదు.”

“మీ అత్తగారి జోలికి రాడమ్మా. ఆవిడ పిలిచినా వినపడదు ఆయనకి.”

“తప్పుగా అనుకోకు పిన్నీ. నలుగురు దిగే చోటు.”

పోచూ తప్పుగా అనుకోలేదు, తనైనా అదే చేసేది. సముద్రపు అమ్మవారి గుడిలో యాత్రికులకు గదులుంటాయని వెళ్ళింది. అక్కడ చుయిబోక్ విషయంలో అభ్యంతరం లేదన్నారు, కుక్క విషయంలో మాత్రం ఉందన్నారు. కుక్కను వానకోటులో చుట్టి లోపలికి పట్టుకుపోయింది. భక్తి గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

మర్నాడు కొండ అంచు పాత రోడ్డు. కార్ల కోసం కొత్తగా తవ్విన సొరంగాల్లోకి స్కూటర్లను రానివ్వరు. పైన రాళ్ళు, కింద సముద్రం. పోచూ ఆ దారి బాగానే దిగింది. తప్పు జరిగింది దిగాక, చదునైన చోట.

హోపింగ్ నది సముద్రంలో కలిసే దగ్గర వంతెన పొడుగు. నదిలో నీళ్ళు తక్కువ, బూడిదరంగు గులకరాళ్ళు ఎక్కువ. కొండల మధ్య నుంచి గాలి ఒక్కసారిగా వచ్చి బండిని పక్కకు తోస్తుంది. పోచూ అరవడానికి ఊపిరి తీసుకుంటుండగానే వెనక నుంచి రాళ్ళ లారీ హారన్ మోగించుకుంటూ ఒరుసుకుపోయింది. బీహున్ బెదిరి కిందికి దూకింది. ఎన్నడూ దూకని కుక్క. వంతెన మధ్యలోకి పరుగెత్తింది. పోచూ స్కూటర్‌ను రెయిలింగ్‌కి ఆనించి దాని వెంట పడింది. ఆగిన లారీలన్నీ హారన్లే. ఒక డ్రైవరు వక్క నములుతూ తల బయటపెట్టి, “ముసల్దానా, చావాలనుంటే ఇంట్లో చావు!” అన్నాడు. కుక్కను మెడ పట్టుకుని ఎత్తి, వీపు మీద రెండు చరిచి, చంకలో ఇరికించుకుని, తిరిగొచ్చి బండి నడుపుకుంటూ అవతలికి చేరింది. “నిన్ను పులుసులో వేసేస్తాను, చూడు” అని తిడుతూనే ఉంది. అక్కణ్ణుంచి హువాలియెన్ దాకా కుక్క ఆవిడ మొహం చూడలేదు. హువాలియెన్‌లో ఆగి నడుం వాల్చి, మర్నాడు మళ్ళీ ప్రతి వాగు దగ్గరా వేగం తగ్గించి, తల కుడివైపుకి తిప్పి, చక్కగా పిలుచుకుంటూ వెళ్ళింది. ఎవరినో తెలియకుండా.

చెంగ్‌కుంగ్‌లో ఆలియోంగ్ అంతా సిద్ధం చేసి ఉంచాడు. పై గదిలో తూర్పు గోడకు కొత్త అర, పళ్ళు, కొత్త అగరుబత్తుల గిన్నె. పేరుపలక నిలబెట్టి, బూడిద కలిపి, బత్తి వెలిగించి పోచూ అడిగింది. “ముసలాయనా, వచ్చావా?”

చెక్కలు వేసింది. రెండూ బోర్లా. మళ్ళీ వేసింది. బోర్లా. బీహున్‌ను తమ్ముడి చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఇంకోసారి వేసింది. బోర్లాయే. ఈసారి నవ్వు కూడా లేదు.

ఆలియోంగ్ చేపల పడవ మీద బతికిన మనిషి, మాట మెత్తగా చెప్పడం రాదు.

“అక్కా, నేనంటే కోపం తెచ్చుకోకు. బావకి అసలే ఈ ఊరంటే పడదు. పెళ్ళయిన కొత్తలో వచ్చినప్పుడు కూడా పొద్దున్నే లేచి బస్సు ఎన్నింటికని అడిగాడు.”

“అడిగాడు” అంది పోచూ.

“ఒప్పుకున్నాడనే కదా తీసుకొచ్చావు?”

పోచూ కుక్క వైపు చూసింది. తను దారంతా మోసుకొచ్చింది ఆ బుట్ట ఒక్కటే కాదని అప్పుడే తెలిసినట్టుంది ఆవిడకి. ఆ రోజు చెక్క తిరగబడటం చూసింది. చూసి ఊరుకుంది. ఆయన రాలేదంటే రెండే కారణాలు. పిలవలేదు కాబట్టి రాలేదు, లేదా రానన్నాడు కాబట్టి రాలేదు. మొదటిదైతే దిద్దుకోవచ్చు. రెండోదైతే, మొగుణ్ణి కూల్చేసిన ఇంట్లో, మట్టి కింద, ఒక్కణ్ణే వదిలేసి వచ్చినట్టు. తమ్ముడు ఇంకేదో చెబుతున్నాడు, పూజారిని పిలిపిద్దామని, ఇక్కడి నుంచే పిలిచే పద్ధతులున్నాయని. ఆవిడ వినడం లేదు. దారి మొదటి నుంచీ ఒక్కో వంతెనా మనసులో దాటుకుంటూ వస్తోంది.

“హోపింగ్ దగ్గర పిలవలేదురా” అంది.

“ఏమిటీ?”

“ఇది దూకింది. తిడుతూ దాటాను. ఆయన్ని పిలవలేదు.”

ఆలియోంగ్ ఊపిరి వదిలాడు. “అంతే కదా! రేపు ట్రక్కులో వెళ్ళొద్దాం. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం.”

“నీ ట్రక్కు ఎక్కితే ఆయనకి కడుపులో తిప్పుతుంది. ఎలా తీసుకొచ్చానో అలాగే తీసుకొస్తాను.”

“కుక్కనైనా ఉంచు. అదే కదా ముంచింది.”

“అందుకే. అదీ రావాలి.”

ఉత్తరానికి తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక్క వంతెన దగ్గరా నోరు విప్పలేదు. వెనక సీటు మీద బుట్ట ఉంది, వానకోటు ఉంది, అయినా వెనక ఎవరూ లేరని ఆవిడ లెక్క. అంత నిశ్శబ్దంగా ఆ స్కూటర్ ఎప్పుడూ నడవలేదట. తాళ్ళు కిరకిరలాడటం కూడా వినిపించింది.

హోపింగ్ వంతెన దాటి, ఉత్తరపు గట్టున, వక్కపొట్లాలు అమ్మే బడ్డీకొట్టు పక్కన బండి ఆపింది. కొట్టు అమ్మాయి ఆకులకు సున్నం రాస్తూ చూస్తోంది. పోచూ బీహున్‌ను స్కూటర్ హ్యాండిల్‌కి కట్టింది, చెక్కలకు అందనంత దూరంలో. బుట్ట విప్పి పేరుపలకను నది వైపు తిప్పింది. బత్తి గాలికి ఆరిపోతుంటే కొట్టు చాటుకి వెళ్ళి వెలిగించుకుని వచ్చింది. వంతెన మొదట్లో, రెయిలింగ్ పక్కన సిమెంటు గట్టు మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది.

“ముసలాయనా,” అంది, కుడి చెవి ఎటుంటుందో అటు వంగి. “ఆ రోజు చెక్క కుక్క కాలికి తగిలి తిరిగింది. నువ్వు చెప్పింది కాదు. నేను చూశాను. చూసి ఆహుయికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఇప్పుడు కుక్కను కట్టేశాను. ఎవరూ అడ్డం లేరు. సరిగ్గా అడుగుతున్నాను. ఆ ఊరు వస్తావా, రావా? రానంటే ఈ బుట్టతోనే వెనక్కి పోతాను. కీలుంగ్‌లో ఏదైనా గుడిలో పెట్టి, నా పాటికి నేను పోతాను.”

చెక్కలు పైకెత్తి వదిలింది. ఒకటి పడ్డచోటే గుండ్రంగా ఊగింది. రెండోది సిమెంటుకు తగిలి ఎగిరింది, సరిగ్గా అప్పుడే కొండల్లోంచి గాలి వచ్చింది. చెక్క దొర్లి, రెయిలింగ్ కింది సందులోంచి జారిపోయింది. పోచూ వంగి చూసేసరికి గులకరాళ్ళ మీద చిన్న చప్పుడు. తర్వాత అదీ లేదు.

కొట్టు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “ఏం పడిపోయింది పిన్నీ? ఫోనా?”

“మా ఆయన నోరు.”

అమ్మాయి పేరుపలకా, బత్తీ, మిగిలిన చెక్కా చూసింది. చేతిలో సున్నం పుల్లతోనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అయ్యో. ఇప్పుడెలా? కిందికి దిగే దారి కూడా లేదు.”

“ఫర్వాలేదులే అమ్మా. వాడింది తక్కువే.”

మిగిలిన చెక్క వెల్లకిలా ఉందో బోర్లా ఉందో చూడలేదని పోచూ తర్వాత ఫోనులో మాతో అంది. చూసినా ఒక చెక్కకు అర్థం లేదు. ఆ గట్టు మీద ఆవిడ ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు. ఏడ్చిందా అని మా సందులో ఒకరు అడిగితే, గాలికి కళ్ళలో దుమ్ము పడిందంది. ఆవిడ ఏం ఆలోచించిందో ఊహించి రాయడం నా వల్ల కాదు. నేనే అయితే నవ్వేదాన్నేమో. బతికినన్నాళ్ళూ ఎడమ చెవి తిప్పిన మనిషి, చచ్చాక, అడిగేవాళ్ళు అంత దూరం తిరిగి వస్తే, ఏకంగా నదిలోకి దాటించేశాడు జవాబుని.

లేచి బత్తిని రెయిలింగ్ సందులో గుచ్చింది. పేరుపలక బుట్టలో పెట్టి, వానకోటు తొడిగి, ముడులన్నీ మళ్ళీ బిగించింది. కుక్కను విప్పి దాని చోటులో నిలబెట్టింది, ఈసారి దాని తాడు తన మణికట్టుకు చుట్టుకుంది. బండి ఎక్కి, తల కుడివైపుకి తిప్పింది.

“ఇంక అడగను” అంది. అరవలేదు, మామూలుగానే అంది. తర్వాత అరిచింది. “వంతెన దాటుతున్నాం! రావాలంటే రా! నెమ్మదిగానే నడుపుతాను!”

నిజంగానే నెమ్మదిగా నడిపింది, మనిషి నడిచినంత నెమ్మదిగా. వంతెన పొడుగునా ఆపకుండా పిలిచింది. బొంగురు గొంతు గాలికి చిరిగిపోతోంది. “వంతెన! ఇది హోపింగ్ వంతెన! కింద నీళ్ళు లేవు, రాళ్ళే, భయపడకు! వెంట రా!” వెనక రాళ్ళ లారీ వచ్చింది. పోచూ భుజాలు బిగించి హారన్ కోసం ఎదురుచూసింది. లారీ మోగించలేదు. డ్రైవరు అద్దం దించి ఆ మాటలు విన్నాడు. వేగం తగ్గించి, పసుపు దీపాలు వెలిగించి, రోడ్డు మధ్యలోకి జరిగి, వెనకొచ్చే బళ్ళేవీ ముందుకు రాకుండా అడ్డంగా నడిపించుకుంటూ వచ్చాడు. అవతలి గట్టు చేరాక దాటిపోతూ తల కొంచెం వంచాడట. మావాళ్ళకు చచ్చినవాళ్ళంటే ఉన్న మర్యాద బతికున్నవాళ్ళంటే ఉండదు. అదే వంతెన మీద కుక్క కోసం ఆగితే ఇంట్లో చావమన్నారు, చచ్చినవాడి కోసం ఆగితే కాపు కాశారు. దీన్ని మంచితనం అనాలో ఇంకేమైనా అనాలో నాకు తెలియదు. ఆ పూట మాత్రం ఆవిడకు పనికొచ్చింది.

వంతెన మధ్యలో బీహున్ వెనక సీటు వైపు చూసి తోక ఊపిందని తర్వాత మా సందులో కథ పుట్టింది. ఆహుయి అయితే పంట్లాం లాగినట్టు గాలిని కొరికిందని కూడా చెప్పింది. పోచూను అడిగాను. “అదా? నిద్రపోయింది” అంది.

చెంగ్‌కుంగ్ దాకా మళ్ళీ ప్రతి వాగు దగ్గరా పిలిచింది. గుమ్మంలో నిలబడి ఉన్నాడు ఆలియోంగ్.

“ఏమన్నాడు బావ?”

పోచూ సంచీలోంచి ఒంటి చెక్క తీసి తమ్ముడి అరచేతిలో పెట్టింది. ఆలియోంగ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రెండోది?”

“నదిలో.”

“మరి వచ్చాడో లేదో ఎలా తెలుస్తుంది అక్కా?”

“నువ్వు వెళ్ళి ఉప్పుచేప ఏదైనా ఉంటే తీసుకురా. పులుసు పెడతాను.”

మర్నాడు వాడు గుడి దగ్గర కొత్త జత కొనుక్కొచ్చాడు, మెరుగు పెట్టిన ఎర్ర చెక్కలు. పోచూ తీసుకుని, కాగితం విప్పకుండానే అర కింద సొరుగులో పెట్టింది. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి, పోయిన ఏడాది వెళ్ళినప్పుడు చూశాను. ఎండ పైగదిలోకి నేరుగా పడుతోంది. అర మీద సేమ్యా గిన్నె, పేరుపలక, దాని పక్కన ఒంటి చెక్క. బీహున్ ముసలిదైంది, కింద తలుపు చప్పుడైతే తల మాత్రం ఎత్తుతుంది. పోచూ గిన్నె పెట్టేటప్పుడు పేరుపలకకు కుడివైపున నిలబడుతుంది. పెట్టి గట్టిగా, వీధిలోకి వినపడేలా, ఆ రోజు చేప దొరికిందో లేదో, ఎండ ఎలా ఉందో చెబుతుంది. కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు, ఆవిడ ఎవరితోనో పోట్లాడుతోందని అనుకుంటారట.